పంకా కొక్కెం

కనిగిరి ఆసుపత్రి ఆడవార్డులో
దూలానికి ఇంకా రెండు ఇనప కొక్కేలున్నాయి.
తెల్లదొర కూర్చున్న గది అంట అది.
గోడకి బొటనవేలు దూరేంత బెజ్జం ఉండేది.
అందులోంచి తాడు వసారాలోకొచ్చేది.
తాడు కొసన మా తాత మాలకొండయ్య.

చేతులు నొప్పెడితే కాలి బొటనవేలికి కట్టుకునేవాడు.
నిద్దట్లో కూడా లాగేవాడని పేరు.
లోపల గాలి దొరకి,
బయట చెమట తాతకి,
వెనక కొట్టంలో కలరా వాళ్ళకి ఏం తగిలేదో
మా ఇంట్లో ఎవురూ చెప్పలేదు.
చెప్పింది ఒక్కటే:
దొరల పుస్తకంలో ‘పంకా కూలీ – ఒకడు’ అని ఉండేది,
ఆ గడి ఏనాడూ ఖాళీగా లేదు.

ఇప్పుడా కొక్కేనికి నేను సెలైన్ సీసా తగిలిస్తన్నా.
స్టాండ్లు పన్నెండని లెక్క.
కంటికి కనపడేవి మూడు.
అందులో ఒకదానికి కాలు విరిగితే ఇటుక పెట్టాం.
ఆ ఇటుకని కూడా ఎవురో పొయ్యిరాయికి పట్టుకుపోతే
బతిమాలి తెచ్చుకున్నాం.

గుమ్మం పక్కన బోర్డు.
డాక్టర్ల పేర్లు సుద్దముక్కతో రాస్తారు,
వానజల్లుకి పోతాయి, బదిలీలకి పోతాయి.
‘ఖాళీ’ అన్న మాట మాత్రం ఆయిల్ పెయింటు.
అయిదు చోట్ల, గుండ్రంగా, ముద్దొచ్చే అక్షరాలు.
రాసింది నేనే.
ఆ కూలి ఇంకా రాలేదు.

డాక్టరమ్మ లేదని కాదు.
సోమారం, గురువారం వస్తది.
మిగతా రోజులు పామూరులో ఉందని మేం అనుకుంటాం,
కనిగిరిలో ఉందని పామూరోళ్ళు అనుకుంటారు.
బస్సులో కునుకు తీస్తా ఉంటది పిచ్చితల్లి.

రాత్రిపూట యాభై మూడు పక్కలకి సలోమి సిస్టరు ఒక్కతే.
ఆమె చెప్పులో మేకు లేచింది.
ఆ టిక్కుటిక్కుని బట్టి
ఎవురికి సూది పడిందో, ఎవురి వంతు ఇంకా రాలేదో
పడుకున్నోళ్ళు లెక్కేసుకుంటారు.
“వస్తన్నా తల్లీ” అంటది.
ఈ కొసన అన్న మాట
ఆ కొసకి పొయ్యేసరికి అబద్ధమై కూర్చుంటది.
అబద్ధం ఆమెది కాదు.

నాలుగో మంచం జాలమ్మది, వెలిగండ్ల దాపు పల్లె.
మా నేల నీళ్ళు ఎనభై ఏళ్ళు తాగి
నడుం కొడవలైంది.
మంచం సాపుగా ఉంది, మనిషి సాపుగా లేదు.
ఎట్టా పడుకోబెట్టినా ఏదో ఒక కొస గాల్లో ఉంటది.
ఆ సందులో నా చొక్కా మడిచిపెట్టా.

నిన్న రాత్రి పదకొండుకి కరెంటు పోయింది.
జనరేటరు ఉంది, డీజిల్ లేదు.
డీజిల్ ఉన్ననాడు తాళం ఉన్నాయన ఉండడు.
కాన్పుల గదిలో సలోమమ్మ
సెల్లు నోట కరుచుకొని ఆ వెలుతుర్లో కుట్లేస్తంది.
పళ్ళ సందునే అరిచింది,
జాలమ్మ పక్కన జొరంతో ఉన్న బిడ్డకి గాలి ఇసరమని.

నాకు పిచ్చి ఆలోచన ఒకటొచ్చింది.
దుప్పటి ఉంది. కొక్కేలున్నాయి.
వసారాలో గుడ్డలారేసే తాడుంది.
బెజ్జం కోసం చీకట్లో గోడంతా తడిమా.
సిమెంటు తగిలింది.
మంత్రి వస్తాడని మొన్న పూడ్చి సున్నం కొట్టారు.
మంత్రి కూడా రాలేదు.

కేసుషీటు అట్టతో ఇసిరా.
బిడ్డకి నాలుగు, జాలమ్మకి ఒకటి,
మళ్ళా బిడ్డకి.
పైన సీసా ఊగతా ఉంది.
చుక్క పడేది కనపడక
మధ్య మధ్యలో పైపు చల్లగా ఉందో లేదో
వేలితో చూసుకుంటన్నా.

“ఎవురబ్బాయివిరా?” చీకట్లో జాలమ్మ.
“మాలకొండయ్య మనవణ్ణి.”
“ఏ మాలకొండయ్య? పంకా మాలకొండయ్యా?”
“ఆఁ.”

కాసేపు ఏం అనలేదు.
నా చొక్కా మీద నడుం సర్దుకుంది.

“అయితే ఇంకేం నాయనా,
నువ్వు నిద్రపోయినా పర్లేదు.”